వియ్యపురాళ్ళ హార్డ్ డిస్కు

పెద్దబజారు, మేడ మీది గది
జూన్ 20

వదినగారికి,

నమస్కారం. ఇక్కడ క్షేమం. మీ అబ్బాయి, మా అమ్మాయి, మన మనవరాలు కూడా క్షేమమేనని నిన్న ఫోన్‌లో తెలిసింది. మనవరాలికి ముందు పన్ను ఊడిందట. ఇక విషయానికి వస్తాను.

ఈ పెట్టెలో అట్టముక్కల మధ్య ఒక నల్లటి హార్డ్ డిస్కు, దాని తీగ ఉన్నాయి. ముందు తీగ ఉందో లేదో చూసుకుని, తర్వాత ఉత్తరం చదవండి.

నేను అంధుల పాఠశాలకు వెళ్ళి రేఖాగణితం చెబుతున్నానని మీకు తెలుసు. అక్కడ పదో తరగతిలో ఒక పిల్ల ఉంది. నేను చెప్పినదంతా పొల్లుపోకుండా అప్పజెబుతుంది గానీ అందులో ఒక్క ముక్క అర్థం కాదు. పోయిన ఏడాది లెక్కల్లో తప్పింది. లెక్కలు మానేసి బదులుగా సంగీతం పరీక్ష రాయమని హెడ్‌మిస్ట్రెస్ అంటున్నారు. ఆ బడిలో అలాంటి వెసులుబాటు ఉంది. పిల్ల మాత్రం లెక్కలే రాస్తానని మొండికేసింది. బ్యాంకులో పనిచేయాలని దాని కోరిక. "సెప్టెంబరు ఆఖరుకు ఒక్క అధ్యాయమైనా అర్థమైందని చూపిస్తే లెక్కలు. లేకపోతే సంగీతం," అని ఆవిడ తేల్చేశారు.

పిల్ల హాస్టల్లో మళ్ళీ మళ్ళీ వినడానికి పాఠాలు రికార్డు చేసి ఇవ్వాలి. ఒకటి నా గొంతుతోనే చేసి చూశాను. అది వినగానే పిల్లలు నిటారుగా కూర్చుంటున్నారు తప్ప పాఠం చెవికెక్కించుకోవడం లేదు. మీరు ఉద్యోగమంతా రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని చేసినవారు. మీ గొంతును నమ్మి జనం సరైన రైలే ఎక్కారు. కాబట్టి రాయడం నా వంతు, చదవడం మీ వంతు.

వృత్తాల అధ్యాయం 'పాఠాలు' అనే ఫోల్డరులో ఉంది. మీ రికార్డింగులను 'పూర్తయినవి' అనే ఖాళీ ఫోల్డరులో పెట్టి డిస్కు తిప్పి పంపండి. ఒక్క మాట కలపవద్దు, ఒక్క మాట తీయవద్దు. ఇదంతా ఎందుకు, ఇంటర్నెట్‌లో పంపుకోవచ్చు కదా అని మన పిల్లలు అంటారు. గాల్లో పంపిన వస్తువుకు రసీదు ఉండదు.

ఇట్లు,
మీ కోడలి తల్లి


స్టేషన్ వెనక వీధి, కింది వాటా
జూలై 8

వదినగారికి నమస్కారాలు.

పెట్టె అందింది. తీగ ఉంది. మీ మాట ప్రకారం ముందు తీగే చూశాను.

నన్ను తలుచుకున్నందుకు సంతోషం వేసింది. ఇప్పుడు స్టేషన్లో యంత్రం మాట్లాడుతోంది. దానికి దగ్గు రాదు, జలుబు చేయదు, ఆలస్యానికి చింతిస్తున్నామని చెప్పేటప్పుడు నిజంగా చింతించదు. ఇంట్లో నా మాట వినే నాథుడు మీ అన్నయ్యగారు ఒక్కరే. ఇంజన్లు నడిపి నడిపి ఆయన చెవులు సగం పోయాయి.

వీధి చప్పుడు పడకుండా దుప్పటి ముసుగేసుకుని పాఠాలన్నీ చదివాను. చెమటతో స్నానమైంది. అవి నా కంప్యూటరులో భద్రంగా ఉన్నాయి. మీ డిస్కును మాత్రం మీరు ఎలా పంపారో అలాగే తిప్పి పంపుతున్నాను. మీ ఉద్దేశం నాకు తెలిసింది. తెలిశాక కూడా చేయి పెట్టడం మర్యాద కాదు.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి


పెద్దబజారు, మేడ మీది గది
జూలై 17

వదినగారికి,

డిస్కు అందింది. తెరిచి చూశాను. 'పూర్తయినవి' ఖాళీగా ఉంది. ఉతకడానికి వేసిన బట్టలు మూట విప్పకుండా తిరిగి వచ్చినట్టుంది.

మీ ఉత్తరంలో చివరి వాక్యాలు మూడుసార్లు చదివాను. వాక్యాల్లో దోషం లేదు, అర్థమే లేదు. నా ఉద్దేశం మొదటి ఉత్తరంలోనే రాశాను. దాని వెనక ఇంకో ఉద్దేశం పెట్టుకునే అలవాటు నాకు లేదు.

మొన్న ఆ పిల్ల నన్ను వరండాలో ఆపింది.

"టీచర్, రైలు టీచరు పాఠాలు వచ్చాయా?"

"రైలు టీచరు ఎవరు?"

"మీ వియ్యపురాలు. మీరే చెప్పారు కదా."

రాలేదని చెప్పాను. "రైలు టీచరు కదా, ఆలస్యంగానే వస్తారులెండి," అంది. నేను మందలించాను గానీ, నాకు కోపం వచ్చింది దాని మీద కాదు.

డిస్కు మళ్ళీ పంపుతున్నాను. తీరిక లేకపోతే లేదని ఒక్క ముక్క రాయండి, వేరే ఏర్పాటు చూసుకుంటాను.

ఇట్లు,
మీ కోడలి తల్లి


స్టేషన్ వెనక వీధి, కింది వాటా
జూలై 26

వదినగారికి,

నాకు తీరిక లేదా? వదినగారూ, ఇక కడుపులో దాచుకోను. దాచుకుంటే అరగడం లేదు.

మొదటిసారి డిస్కు తగిలించగానే మీ ఫోల్డర్లన్నీ కనిపించాయి. పాఠాలు తెరిచాను, చదివాను. ఆ తర్వాత నా రికార్డింగు ఒకటి పట్టుకుని మీ డిస్కు మీదికి లాక్కెళ్ళాను. అడ్డగీత కొట్టిన గుండ్రటి గుర్తు ఒకటి లేచింది. చేయి వదిలితే ఫైలు పుట్టింటికి వెళ్ళినట్టు వెనక్కి వెళ్ళిపోయింది. మీ అన్నయ్యగారు పక్కనే ఉన్నారు.

"సిగ్నల్ పడింది. దాటకూడదు," అన్నారు.

"సిగ్నలైతే ఎర్రగా ఉండాలి కదండీ. ఇది బూడిద రంగులో ఉంది."

"రంగు మాసిపోయి ఉంటుంది. ఆగడమైతే ఆగాలి."

డిస్కు వివరాలు తెరిచి చూద్దును కదా, చిన్న అక్షరాలతో రాసి ఉంది: మీకు చదవడానికి మాత్రమే అనుమతి ఉంది. ఎవరండీ నాకు అనుమతి ఇచ్చేది? డిస్కు ఎవరిది? పాఠాలు పెట్టి పంపమని పైకి రాసి, లోపల తాళం వేసి పంపడం ఎందుకు?

మీ ఇంట్లో చక్కెర డబ్బాకు కూడా పేరు రాసిన చీటీ ఉంటుంది. పోయినసారి వచ్చినప్పుడు నేను తడి చెంచా ముంచానని మర్నాటికల్లా దాని మూత మార్చారు. అప్పుడు నోరెత్తలేదు. ఇది మాత్రం మింగుడు పడలేదు. మా అబ్బాయిని అడుగుదామంటే వాడు మీ అమ్మాయికి చెబుతాడు, మీ అమ్మాయి మీకు చెబుతుంది. ఎందుకొచ్చిన గొడవని ఊరుకున్నాను.

ఆ పిల్ల అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. నా నోటి మీదుగా వెళ్ళిన ఏ రైలూ నా వల్ల ఆలస్యం కాలేదని దానికి చెప్పండి.

డిస్కు నా దగ్గరే ఉంచాను. తాళం ఎలా తీయాలో రాయండి.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి


పెద్దబజారు, మేడ మీది గది
ఆగస్టు 4

వదినగారికి,

తాళం నేను వేయలేదు. ఈ సంగతి లిఖితపూర్వకంగా తెలియజేస్తున్నాను. చక్కెర డబ్బా సంగతి వేరు. ఆ మూత వదులైంది.

మీ ఉత్తరం అందగానే మా అమ్మాయికి ఫోన్ చేసి చదివి వినిపించాను. సగంలోనే నవ్వడం మొదలుపెట్టింది.

"నవ్వు ఆపి సంగతి చెప్పు."

"అమ్మా, నీది విండోస్. అత్తయ్యది మ్యాక్."

"అయితే?"

"అయితే ఏముంది, ఇద్దరూ ఒకరి మీద ఒకరు నేరం మోపుకుని నెలన్నర ఉత్తరాలు రాసుకున్నారు. ఈ మాట మీ అల్లుడితో చెప్పనీ, ఉండు."

చెప్పవద్దన్నాను. ఈపాటికి చెప్పే ఉంటుంది.

దాని నుంచి నేను రాబట్టిన సంగతి ఇది. డిస్కును వాడే ముందు దానిలో గళ్ళు గీసి సిద్ధం చేస్తారు. ఆ పనిని ఫార్మాట్ అంటారు. నా డిస్కులో ఉన్నవి విండోస్ గళ్ళు. మీ మ్యాక్‌కు ఆ గళ్ళు చదవడం వచ్చు, వాటిలో రాయడం రాదు. ఆ చేతకానితనాన్ని ఒప్పుకోకుండా, మీకు అనుమతి లేదని మీ మీదికి నెట్టింది. మ్యాక్ గళ్ళు గీసిన డిస్కును నాకు పంపితే నాది ఇంకా ఘనమట. అసలు చదవనే చదవదు, ఇదంతా చెరిపేయమంటారా అని అడుగుతుందట. అలా అడిగినప్పుడు సరేననకూడదు.

రెండింటికీ చదవడం, రాయడం వచ్చిన గళ్ళు ఇంకో రకం ఉన్నాయి. వాటిని ఎక్స్‌ఫ్యాట్ అంటారు. అయితే గళ్ళు మార్చాలంటే డిస్కులో ఉన్నదంతా చెరపాలి. అందుకని ముందు నా ఫోల్డర్లన్నీ మీ కంప్యూటరులోకి దించుకోండి. దించుకున్నవి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఆ తర్వాతే చెరపండి. గళ్ళ రకం అడిగినచోట ఎక్స్‌ఫ్యాట్ అన్నదే ఎంచుకోండి. మొదట నావి, తర్వాత మీవి ఎక్కించండి. తీగ పీకే ముందు కంప్యూటరు చేత డిస్కుకు సెలవు ఇప్పించండి. చెప్పాపెట్టకుండా లాగేస్తే రాసింది సగంలో ఆగిపోతుంది.

గళ్ళు నేనే మార్చి పంపగలను. కానీ మిమ్మల్ని నమ్మక తాళం వేశానన్నారు కనుక, చెరిపే పని మీ చేతికే అప్పగిస్తున్నాను. అందులో నేను ఉద్యోగం విరమించినప్పటి నుంచి రాస్తున్న ఇంటి పద్దులు కూడా ఉన్నాయి. నా దగ్గర నకలు ఉంది. నకలు లేకుండా నమ్మేంత ఉదారురాలిని కాను.

ఇట్లు,
మీ కోడలి తల్లి


స్టేషన్ వెనక వీధి, కింది వాటా
ఆగస్టు 19

వదినగారికి నమస్కారాలు.

నాకు సిగ్గుగా ఉంది. కొంచెమే. మూత సంగతి ఇంకా తేలలేదు కనుక మిగతాది అట్టేపెట్టాను.

మీరు రాసినట్టే చేశాను. నీ పెళ్ళానికి, అత్తగారికి మధ్య మరీ అమాయకంగా ఇరుక్కుపోకురా అని మా అబ్బాయికి కూడా ఫోన్ చేసి చెప్పాను. వాడికి అప్పటికే అంతా తెలుసు. ఆఫీసులో కూడా చెప్పాడట, అక్కడ కాఫీ గదిలో మనిద్దరి కథే నడుస్తోందట.

చెరిపే ఘట్టానికి వచ్చాను. ఇదంతా పోతుంది, నిజంగానే చెరపమంటారా అని కంప్యూటరు అడిగింది. మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇంకా అదే అడుగుతోంది.

"నొక్కు," అన్నారు మీ అన్నయ్యగారు.

"ఆవిడ పద్దులన్నీ పోతాయండీ."

"నకలు ఉందన్నారు కదా."

"ఉందన్నారు. ఉంటే మాత్రం, నా చేత్తో చెరపడమంటే..."

"నొక్కకపోతే జరుగు, నేను నొక్కుతాను." ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఇంత సాహసం చేస్తానన్నది ఇదే మొదటిసారి. నేనే నొక్కాను. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది. గుర్తు ఎక్కడా లేవలేదు, ఫైళ్ళు బుద్ధిగా వెళ్ళి కూర్చున్నాయి.

మీ పద్దులు తెరుచుకుంటున్నాయో లేదో చూడమన్నారు కదా, చూశాను. చూసినదాన్ని కొంచెం చదివాను కూడా. నాకు చదవడానికి అనుమతి ఉందని అంతకుముందే రాసి ఉంది. పోయిన వేసవిలో ఒకచోట "వదినగారు వచ్చారు. పాలు అదనం. చక్కెర చెప్పనక్కర్లేదు" అని ఉంది. చెప్పనక్కర్లేదన్న మాట పద్దులో ఎందుకు రాశారో చెబితే నేర్చుకుంటాను.

కొరియర్ వాళ్ళు మూసేస్తారేమోనన్న తొందరలో రికార్డింగులన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించేశాను. డిస్కుకు సెలవు ఇప్పించాకే తీగ పీకాను.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి


పెద్దబజారు, మేడ మీది గది
సెప్టెంబరు 2

వదినగారికి,

డిస్కు అందింది. నా కంప్యూటరు ఏ పేచీ పెట్టకుండా తెరిచింది. పద్దులు క్షేమం. ఆ వాక్యం తొలగించాను.

అయితే ఒక సందేహం. మీరు పంపిన ప్రతి పాఠానికీ ఒక కవల ఉంది. అదే పేరు, ముందు ఒక చుక్క, ఒక కింది గీత. తెరిస్తే నోరు విప్పదు. సంఖ్య పెంచి చూపడానికి ఇలా చేశారేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. అనుకున్నది దాచను. మా అమ్మాయిని అడిగితే మళ్ళీ నవ్వింది. మీ మ్యాక్ పరాయి గళ్ళలో ఏది పెట్టినా, దాని గురించి తనకు మాత్రమే పనికివచ్చే చీటీ ఒకటి పక్కన పెడుతుందట. చీటీల విషయంలో నన్ను అన్నవారి ఇంట్లోనే ఇలాంటిది ఉండడం గమనార్హం. వాటన్నిటినీ తీసేశాను.

మొదటి పాఠం విన్నాను. ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు. వృత్తం మరికొద్ది సేపట్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి రానున్నట్టు అనిపించింది, అంతే. మిగతావి వినే వ్యవధి లేక డిస్కును అలాగే బడిలో ఇచ్చేశాను. వాళ్ళ కంప్యూటరుది ఈ రెండూ కాని మూడో రకం. లినక్స్ అంటారు. అది కూడా తెరిచింది. కాబట్టి గళ్ళ సమస్య తీరింది. సమస్యల్లా పిల్లకు అర్థం కావడమే.

'పూర్తయినవి' కాక పేరు పెట్టని ఫోల్డరు ఇంకొకటి కనిపించింది. పేరు పెట్టకుండా వదిలేయడం మంచి అలవాటు కాదు.

ఇట్లు,
మీ కోడలి తల్లి


స్టేషన్ వెనక వీధి, కింది వాటా
సెప్టెంబరు 7

వదినగారూ,

ఆ పేరులేని ఫోల్డరును ఎవరూ తెరవకముందే తీసేయించండి. మీరు కూడా తెరవవద్దు. దుప్పటి కింద ఒకే ఊపులో చదివి, తప్పులు కత్తిరించకముందు దాచుకున్నవి అవి. తొందరలో వెంట వచ్చేశాయి.

ఫోన్ చేస్తే ఎందుకని అడుగుతారు. అందుకని త్వరిత తపాలాలో పంపుతున్నాను. ఎందుకని అడగకండి.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి


పెద్దబజారు, మేడ మీది గది
సెప్టెంబరు 21

వదినగారికి,

మీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అందే సమయానికి ఆ ఫోల్డరు బడి మొత్తానికి కంఠస్థమైంది.

జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. నేను వెళ్ళేసరికి క్లాసులో మీ గొంతు వినిపిస్తోంది. "వృత్తమును ఒకే ఒక బిందువు వద్ద తాకు సరళరేఖను స్పర్శరేఖ అందురు." తర్వాత కాగితం చప్పుడు. ఆ తర్వాత ఇలా: "అందురట. ఎవరందురు? ఈవిడ తప్ప ప్రపంచంలో ఇంకెవరూ అందురు అనరు."

పిల్లలు పడీపడీ నవ్వారు. మామూలుగా నా చెప్పుల చప్పుడుకే ఆ గది గప్‌చుప్‌గా అయిపోతుంది. ఆ రోజు నేను తలుపు దగ్గర నిలబడిన సంగతి ఎవరికీ తెలియలేదు. తర్వాత అన్నయ్యగారి గొంతు దూరం నుంచి వచ్చింది.

"దుప్పట్లో ఏమిటి గొణుగుతున్నావు?"

"స్పర్శరేఖండీ. వచ్చి ఒక్కచోట తాకుతుందట. లోపలికి మాత్రం రాదట."

"మీ వదినగారిలాగా."

ఇక్కడ మీరు కూడా నవ్వారు. నేను విన్నాను.

ఆ తర్వాత మీరు చదవడం ఆపేశారు. "అర్థం కాకుండా చదివితే అది చదివినట్టా," అని మిమ్మల్ని మీరే తిట్టుకున్నారు. కంచం తెమ్మని అన్నయ్యగారిని పంపారు. బల్లను గోడకు జరిపి, దాని మీద కంచం పడుకోబెట్టి, గోడకు ఆనించినట్టున్నారు. "ఇదిగో, ఎంత నొక్కినా ఒక్కచోటే తగులుతోంది. అయితే ఈ గోడే స్పర్శరేఖ. కంచం మధ్య నుంచి ఆ తగిలిన చోటికి గీత... ఓహో. అందుకా లంబం. ఈ మాట ఆవిడ ముందే చెబితే ఏం పోయేది, కంచం అరిగిపోయేదా?"

అప్పుడు నేను లోపలికి వెళ్ళి దగ్గాను. ఆ పిల్ల ఒక్కతే లేచి నిలబడింది.

"టీచర్, మీరు ఉన్నారా?"

"ఉన్నాను. ముందు నుంచీ."

"అయితే మీరే చూడండి టీచర్."

దాని బల్ల గోడకు ఆనుకుని ఉంది. దాని మీద హాస్టల్ కంచం. కంచం నడుమ నుంచి అంచు వరకు సరిపోయేలా పెన్సిలు ఒకటి విరుచుకుంది. ఆ పెన్సిలు ఒక కొనను కంచం నడుమ ఆనించి పట్టుకుని గడియారం ముల్లులా తిప్పింది. "ఇటు తిప్పితే గోడకు అందడం లేదు. అటు తిప్పినా అందడం లేదు. ఈ ఒక్కచోటే అందుతోంది. అంటే మధ్య నుంచి గోడకు ఇదే దగ్గరి దారి. దగ్గరి దారి ఎప్పుడూ లంబమే కదా టీచర్?"

వదినగారూ, అది సిద్ధాంతం కాదు, ఉపపత్తి, అంటే రుజువు. నేను అడగలేదు, దానికి ఎవరూ నేర్పనూ లేదు. హెడ్‌మిస్ట్రెస్‌ను పిలిపించాను. ఆవిడ నమ్మక, బయటి బిందువు నుంచి రెండు స్పర్శరేఖలు గీస్తే వాటి పొడవులు ఏమవుతాయని అడిగారు. పిల్ల కంచం తీసుకుని గోడలు కలిసే మూల దాకా నడిచింది. కంచాన్ని మూలలోకి తోసి, తగిలిన రెండు చోట్లకూ మూల నుంచి జాన పెట్టి కొలిచి, "సమానం," అంది. "గోడలు ఎలా వంగినా సమానమేనా?" అని ఆవిడ రెట్టించారు. "కంచం మారదు కదా మేడమ్," అంటూ మొదలుపెట్టి, రెండు త్రిభుజాలు సర్వసమానమని చెప్పేదాకా ఆగలేదు. లెక్కల పరీక్షకు పేరు ఆ రోజే రాయించాము.

నేను ఇంటికి వచ్చి పాఠాలన్నీ ముందు వేసుకుని 'అందురు' అన్నచోటల్లా 'అంటారు' అని మార్చాను. ఇది మీ విమర్శ వల్ల కాదు. మార్చవలసి ఉంది గనుక మార్చాను.

త్రిభుజాల అధ్యాయం ఈ డిస్కులోనే పెట్టి పంపుతున్నాను. కత్తిరించినవి నాకు అవసరం లేదు, కత్తిరించని ఫోల్డరే పంపండి. అన్నయ్యగారిని మైకుకు కొంచెం దగ్గరగా కూర్చోమనండి. గొణిగేటప్పుడు మీరు కూడా కాస్త స్పష్టంగా గొణగండి. నా గురించి అన్న మాటలు వెనక బెంచీ పిల్లలకు సగమే వినిపిస్తున్నాయట.

ఇట్లు,
మీ కోడలి తల్లి